మీరడిగారు: ఇటలీ తీరాన కమోలీ

ఇటలీలో సముద్రం ఒడ్డున ఏదైనా చిన్న ఊళ్లో నాలుగు రోజులు ఉండి రావాలని, ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పమని చాలామంది రాశారు. ఊరు తేలకుండా సలహా ఇస్తే గాల్లో మాటే అవుతుంది. అందుకని జెనోవాకు తూర్పున లిగూరియా తీరంలో ఉన్న కమోలీని ఎంచుకుని, ప్రశ్నలన్నింటికీ అక్కడి లెక్కనే జవాబులిస్తున్నాం.

ప్ర: చింక్వె తెర్రె వెళ్దామనుకున్నాం. అక్కడ జనం విపరీతమని, గదులు దొరకవని అంటున్నారు. కమోలీలో ఉంటే అవి కూడా చూడొచ్చా? ఎన్ని రాత్రులు సరిపోతాయి?

జ: చూడొచ్చు. చింక్వె తెర్రె అనే ఐదు ఊళ్లలో మొదటిదైన మోంతెరోస్సో కమోలీ నుంచి లోకల్ రైల్లో సుమారు గంట. పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు. సూట్‌కేసులతో ఆ ఐదు ఊళ్ల మెట్లెక్కే బాధ ఉండదు. అక్కడి కొండదారుల్లో నడవాలనుకుంటే మాత్రం మామూలు చెప్పులతో వెళ్లకండి. పలచటి అట్టల చెప్పులతో ఆ దారులెక్కితే జరిమానా వేస్తారు, అది 50 యూరోల దగ్గర మొదలవుతుంది.

కమోలీకి నాలుగు రాత్రులు కేటాయించండి. రెండు రాత్రులైతే, ఆ రెండు రోజులూ సముద్రం పోటెత్తితే అక్కడ ముఖ్యమైనది, పడవలో వెళ్లే సాన్ ఫ్రుత్తువోసో మఠం, చూడకుండానే వెనక్కి రావాల్సి వస్తుంది. పడవలు ఎప్పుడు తిరిగేదీ సముద్రం చేతిలో ఉంటుంది, మీ హోటల్ బుకింగ్ చేతిలో కాదు. అందుకే ఏ రోజు ఏం చూడాలో ముందే రాసిపెట్టుకోకండి. సముద్రం నిమ్మళంగా ఉన్న మొదటి రోజునే సాన్ ఫ్రుత్తువోసోకు పోండి, వాన పడిన రోజు జెనోవాకు. అక్కడి అక్వేరియం, పాత ఊరి సందులు, యునెస్కో గుర్తింపు పొందిన రోల్లి భవనాలు వాన రోజుకు సరిగ్గా సరిపోతాయి.

ఊళ్లో తిరిగేటప్పుడు రేవు దగ్గరి ఎత్తైన ఇళ్ల గోడలను కాస్త ఆగి చూడండి. కిటికీ చుట్టూ కనిపించే రాతి చెక్కడం చాలా చోట్ల రాయి కాదు, రంగుతో వేసిన బొమ్మ. నీడ కూడా గీసిందే. కొన్ని ఇళ్లకైతే కిటికీకి కిటికీయే బొమ్మ. మబ్బు పట్టినప్పుడు గుట్టు ఇట్టే బయటపడుతుంది, అసలు నీడలు మాయమై గీసినవి మాత్రం మిగులుతాయి కాబట్టి.

ప్ర: ఏ నెలలో వెళ్తే మంచిది? పిల్లలకు వేసవి సెలవులు మే నెలలోనే.

జ: మే నెలలో ఎండ హాయిగా ఉంటుంది గానీ నీళ్లు చల్లగా ఉంటాయి, 17, 18 డిగ్రీలు. పిల్లలు కాళ్లు తడుపుకుంటారు, పెద్దలు ఒడ్డున కూర్చుంటారు, అంతే. ఈతే ముఖ్యమైతే జూన్ రెండో సగం లేదా సెప్టెంబరు. మా ఓటు సెప్టెంబరుకే. వేసవంతా వేడెక్కిన సముద్రం అంత త్వరగా చల్లబడదు, జనం మాత్రం పలచబడతారు.

ఆగస్టు 15 ఫెర్రగోస్తో, ఇటలీ మొత్తానికి పెద్ద సెలవు. దానికి అటూ ఇటూ వారం రోజులు గది ధరలు, రైళ్ల రద్దీ రెండూ ఆకాశంలోనే. అక్టోబరు చివరి నుంచి నవంబరు దాకా లిగూరియాలో కుండపోత వానలు పడతాయి. 2018 అక్టోబరు 29న వచ్చిన తుపాను అలలు కమోలీకి దగ్గర్లోని పోర్టోఫీనోకు పోయే రోడ్డును కోసేశాయి, రపాల్లో అనే ఊరి రేవులో పడవలు వందల సంఖ్యలో ధ్వంసమయ్యాయి. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ‘అల్లెర్తా మెతెయో’ హెచ్చరికలు రోజూ చూసుకోవాలి. పసుపు అంటే జాగ్రత్త, నారింజ అంటే పరిస్థితి తీవ్రం. ఎరుపు అయితే గడప దాటొద్దు.

ప్ర: మిలాన్‌లో విమానం దిగుతాం. అక్కడి నుంచి రైలు ఎలా? టికెట్లు ముందే కొనాలా?

జ: మల్పెన్సా విమానాశ్రయం నుంచి రైల్లో మిలానో సెంత్రాలె, అక్కడ మారి జెనోవా, అక్కడ మళ్లీ మారి కమోలీ. మిలాన్ నుంచి జెనోవాకు రెండు రకాల రైళ్లున్నాయి. ఇంటర్‌సిటీ అయితే మీ టికెట్ ఆ ఒక్క రైలుకే, సీటు నంబరుతో సహా. చవక టికెట్ కొని, విమానం ఆలస్యమై రైలు తప్పిపోయిందంటే ఆ డబ్బు పోయినట్లే. ‘రెజియొనాలె వెలోచె’ అనే రైళ్లు కాస్త నెమ్మది, సుమారు రెండు గంటలు పడుతుంది గానీ వాటికి రిజర్వేషన్ ఉండదు. నెల ముందు కొన్నా, ఎక్కే ముందు కొన్నా ధర ఒకటే. విమానం దిగిన రోజుకు ఇదే తీసుకోండి. తిరుగు ప్రయాణంలో కావాలంటే ఇంటర్‌సిటీ ముందే కొనుక్కోవచ్చు.

కొత్తవాళ్లు తప్పు చేసేది టికెట్ ముద్ర దగ్గర. రిజర్వేషన్ లేని రైలుకు కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందే ప్లాట్‌ఫారం మీదున్న చిన్న యంత్రంలో దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. లేదంటే డబ్బు కట్టి కొన్న టికెట్ చేతిలో ఉన్నా జరిమానా తప్పదు. ఫోన్లో కొన్న లోకల్ టికెట్‌కు ముద్ర అక్కర్లేదు గానీ, ‘చెక్-ఇన్’ నొక్కాలేమో ఎక్కే ముందు అదే యాప్‌లో చూసుకోండి. 

జెనోవాలో పెద్ద స్టేషన్లు రెండు: పియాజా ప్రిన్చిపె, బ్రిన్యోలె. మిలాన్ రైలు ముందుగా ప్రిన్చిపెకు వస్తుంది. కమోలీ వైపు పోయే లోకల్ రైళ్లు రెండింటిలోనూ ఆగుతాయి. బోర్డు మీద కమోలీ పేరు కోసం వెతికితే మాత్రం దొరకదు. రైలు చివరి స్టేషన్ పేరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సెస్త్రి లెవాంతె లేదా లా స్పెజియా సెంత్రాలె అని ఉన్న లోకల్ రైలు చూసుకోండి. ప్రిన్చిపె నుంచి దాదాపు 40 నిమిషాలు. వేగం రైళ్లు చాలావరకు కమోలీలో ఆగకుండా పోతాయి. దిగాల్సిన స్టేషన్ బోర్డు మీద ‘కమోలీ–సాన్ ఫ్రుత్తువోసో’ అని ఉంటుంది. అది చూసి సాన్ ఫ్రుత్తువోసో కూడా అక్కడేననుకోకండి. దాని సంగతి కింద చెప్పాం.

సమ్మె, అంటే ‘షోపెరో’, ఇటలీలో మామూలే. తేదీ ముందే ప్రకటిస్తారు. మామూలు పని రోజుల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య నిర్ణీత లోకల్ రైళ్లు సమ్మెలోనూ నడవాలి. ఆ వేళల్లో ప్రయాణం కుదుర్చుకుంటే గండం గడుస్తుంది.

ప్ర: కారు అద్దెకు తీసుకుంటే ఆ తీరమంతా చుట్టి రావచ్చు కదా?

జ: వద్దండి. ఎ12 మోటార్‌వే మీద రెక్కో దగ్గర దిగితే కమోలీ దగ్గరే. దారి కష్టం కాదు, బండి ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. తెల్ల గీతలున్న చోట ఉచితం, నీలం గీతలుంటే డబ్బు కట్టాలి, పసుపు గీతలు స్థానికులకో వికలాంగులకో కేటాయించినవి. వేసవిలో తెల్ల గీత ఖాళీగా కనబడిందంటే మీ అదృష్టం. దానికితోడు పాత ఊళ్ల మధ్యలో ‘జడ్‌టీఎల్’ బోర్డున్న వీధులుంటాయి. అనుమతి లేని కారు దూరితే కెమెరా పట్టేస్తుంది. అక్కడ ఎవరూ ఆపరు. నెలల తర్వాత జరిమానా కాగితం, దాని మీద అద్దె కంపెనీ సొంత ఫీజు రెండూ మీ కార్డుకు చుట్టుకుంటాయి. ఇన్ని చెప్పినా కారే కావాలంటే, మీ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి.

ప్ర: మా అమ్మానాన్నలకు డెబ్బై దగ్గర పడుతోంది, అమ్మకు మోకాళ్ల నొప్పి. గది ఎక్కడ తీసుకోవాలి?

జ: కమోలీ రెండంతస్తుల ఊరనుకోండి. పైన స్టేషన్, బండ్లు తిరిగే వీధి, కింద సముద్రం పక్కన వియా గరిబాల్ది. మధ్యలో అంతా మెట్లే. మీకు పైన గది ఉంటే అమ్మగారు పూటకోసారి దిగి ఎక్కాలి. కింద ఉంటే వచ్చిన రోజు, వెళ్లే రోజు మాత్రమే కష్టం. కాబట్టి కిందే తీసుకోండి. స్టేషన్ నుంచి సామాను దింపడానికి ఆ రెండు పూటలా టాక్సీ మాట్లాడుకోండి. పెద్ద చక్రాల పెట్టెకన్నా చేత్తో ఎత్తగలిగే రెండు చిన్న బ్యాగులు మెరుగు.

బుక్ చేసే ముందు హోటల్‌కు రెండు ప్రశ్నలు రాయండి. మొదటిది లిఫ్ట్ ఉందా అని. ‘ఉంది’ అంటే సరిపోదు, రెండోది కూడా అడగాలి: వీధి నుంచి లిఫ్ట్ తలుపు దాకా ఎన్ని మెట్లు? పాత భవనాల్లో లిఫ్ట్ తరచూ మొదటి మలుపు దగ్గరే మొదలవుతుంది. గది నాలుగో అంతస్తు అన్నప్పుడు నేల అంతస్తును సున్నాగా లెక్కపెడతారని గుర్తుంచుకోండి.

దిగగానే పాస్‌పోర్టు అడుగుతారు. బస చేసేవాళ్ల వివరాలు పోలీసులకు పంపడం అక్కడి చట్టం. గది అద్దెకు తోడు ‘తస్సా ది సొజ్జోర్నో’ అనే పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని ఉంటే ఆన్‌లైన్లో కట్టిన మొత్తంలో సాధారణంగా కలవదు. చాలాచోట్ల నగదుగా అడుగుతారు.

ప్ర: బీచ్‌లో కూర్చోడానికి కూడా డబ్బు కట్టాలట, నిజమేనా? ఇసుక ఉంటుందా?

జ: ఇసుక ఉండదు, గులకరాళ్లే. ఎండకు కాలి, కాళ్లకింద జారుతుంటాయి. నీళ్లలోకి వేసుకెళ్లే రబ్బరు బూట్లు ఊళ్లోనే అమ్ముతారు, పిల్లలకు అవి తప్పనిసరి. ఒడ్డు చటుక్కున లోతవుతుంది. ఈత రాని పిల్లల్ని చేతికి అందేంత దూరంలోనే ఉంచుకోండి.

డబ్బు సంగతి: ‘స్పియాజా లీబెరా’ అన్న భాగం ఉచితం, తువ్వాలు పరుచుకుని కూర్చోవచ్చు. ‘బాన్యి’ అని బోర్డున్న భాగం అద్దెది. పడక కుర్చీ, గొడుగు రోజుకు ఇంత అని తీసుకుంటారు. ముందు వరుసకు ధర ఎక్కువ. అద్దె భాగంలోంచి నీళ్ల దాకా నడిచి వెళ్లే హక్కు అందరికీ ఉంది, ఎవరూ అడ్డు చెప్పకూడదు. కానీ అక్కడ తువ్వాలు పరిస్తే ఒప్పుకోరు. జులై, ఆగస్టు శనాదివారాల్లో ఉచిత భాగం పొద్దున తొమ్మిదికల్లా నిండిపోతుంది.

ఎర్ర జెండా ఎగిరితే నీళ్లలోకి దిగొద్దు. పసుపు జెండా గాలి ఎక్కువైందని చెబుతుంది, గొడుగులు మూసేస్తారు. నున్నటి గులకరాళ్లు చూసి పిల్లలు జేబుల్లో వేసుకుంటారు, దింపించేయండి. ఇటలీ తీరం నుంచి రాళ్లు, ఇసుక పట్టుకెళ్లడం చట్టవిరుద్ధం, జరిమానా భారీగా ఉంటుంది.

ప్ర: సాన్ ఫ్రుత్తువోసో అనే మఠం గురించి విన్నాం. రోడ్డు లేదట. ఎలా వెళ్లాలి? నీటి అడుగున క్రీస్తు విగ్రహం కనబడుతుందా?

జ: రోడ్డు లేదు, నిజమే. పడవలోనైనా వెళ్లాలి, కొండదారిన నడిచైనా వెళ్లాలి. కమోలీ రేవు నుంచి గోల్ఫో పరదీసో అనే సంస్థ పడవలు పుంతా క్యాప్పా అనే కొస మీదుగా సుమారు అరగంటలో చేరుస్తాయి. టికెట్ రేవు దగ్గరే ఇస్తారు. కొనేముందే ‘తిరిగి వచ్చే ఆఖరి పడవ ఎన్నింటికి?’ అని అడిగి, ఆ రోజు టైమ్‌టేబుల్‌ను ఫొటో తీసుకోండి. సీజన్‌ను బట్టి, వారాన్ని బట్టి అది మారుతుంది. ఆఖరి పడవ దాకా ఆగకుండా దానికి ముందుదే ఎక్కడం మేలు. ఆఖరి దానికి జనమంతా ఒక్కసారే ఎగబడతారు. అది తప్పితే చీకట్లో అడవి కొండెక్కి పోర్టోఫీనో వైపు గంటన్నర, రెండు గంటలు నడవాలి.

పడవలు ఆగిపోవడానికి వాన ఒక్కటే కారణం కాదు. కమోలీ నైరుతికి ముఖం పెట్టి ఉంది. అటునుంచి వీచే ‘లిబెచ్చో’ గాలి లేస్తే ఆకాశం నీలంగా మెరుస్తున్నా అలలు రేవును బాదేస్తాయి. సాన్ ఫ్రుత్తువోసోలో చిన్న ఖాడీ, పడవ ఒడ్డుకు ఆనడమే కష్టమవుతుంది. పొద్దున వెళ్లేటప్పుడు సముద్రం బాగున్నా మధ్యాహ్నానికి గాలి లేచే సూచన ఉంటే ఆ రోజు మానుకోండి.

మఠం బెనెడిక్టైన్ సన్యాసులది. జెనోవా ప్రభువంశం దోరియాల సమాధులు అక్కడే ఉన్నాయి, నలుపు తెలుపు చారల రాళ్లతో. పక్కన కనిపించే బురుజు 1562 నాటిది. 1983లో ఆ కుటుంబం మఠాన్ని ఎఫ్‌ఏఐ అనే వారసత్వ సంస్థకు దానం చేసింది, ఇప్పుడు చూసుకునేది వాళ్లే. లోపలికి టికెట్ ఉంది. మఠానికి ఎదురుగా కాస్తంత బీచ్, భోజనానికి ఒకటి రెండు చోట్లు, అంతే. నీళ్లు, పండ్లు వెంట తీసుకెళ్లండి.

విగ్రహం సంగతి: ‘క్రీస్తో దెల్యి అబిస్సి’ని శిల్పి గ్విదో గల్లెత్తి చేశారు, 1954 ఆగస్టులో నీళ్లలోకి దించారు. ఎత్తు రెండున్నర మీటర్లు, ఉన్నది దాదాపు 17 మీటర్ల లోతులో. మామూలు పడవ మీంచి దాన్ని చూడాలనుకుంటే నిరాశే. స్కూబా మొదటి స్థాయి సర్టిఫికెట్‌కు పరిమితి 18 మీటర్లు కాబట్టి అది ఉన్నవాళ్లు దిగి చూడొచ్చు, కాకపోతే అది రక్షిత సముద్ర ప్రాంతం, అనుమతి ఉన్న డైవింగ్ కేంద్రం ద్వారానే. సొంతంగా కయాక్ అద్దెకు తీసుకునేవాళ్లకో మాట: మఠానికి పడమటి పక్కనున్న కాలా దెల్లోరో ఖాడీలోకి ఎవరూ వెళ్లకూడదు. ఈత కూడా నిషేధమే.

నడిచి వెళ్లాలంటే ముందు మెట్లెక్కి సాన్ రోక్కో చేరాలి, 220 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి దారులు రెండు. ‘బత్తెరియె’ మీదుగా పోయేది రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగి స్థావరాల పక్కగా సాగి, తర్వాత సముద్రం మీదికి ఒరిగిన రాళ్ల మీద గొలుసులు పట్టుకుని నడిపిస్తుంది. అలవాటు లేనివాళ్లకూ, వాన పడిన మర్నాడు ఎవరికైనా అది వద్దు. పియెత్రె స్త్రెత్తె మీదుగా పోయేది అడవి దారి, ఎక్కుడు ఉంటుంది గానీ భయం లేదు. కమోలీ నుంచి దాదాపు మూడు గంటలు. వెళ్లేటప్పుడు నడిచి, తిరిగి పడవలో రండి. తిరగేస్తే, అలసిపోయాక ఎక్కుడు మీ నెత్తిన పడుతుంది.

ప్ర: మేం శాకాహారులం. చేపల ఊళ్లో ఏం తినాలి?

జ: లిగూరియా వంటలో చేపకన్నా ఆకుకూరలదే పైచేయి, దిగులక్కర్లేదు. పేర్లు గుర్తుంచుకోండి చాలు.

రెక్కో ఫొకాచా: పులియబెట్టని పిండిని కాగితమంత పలచగా రెండు పొరలుగా లాగి, మధ్యలో తాజా మెత్తటి జున్ను ముద్దలు పెట్టి, బాగా మండే పొయ్యిలో కాలుస్తారు. ఆ పేరుతో అమ్మే హక్కు రెక్కో, కమోలీ, సోరి, అవెన్యో ఊళ్లకే ఉంది. చల్లారితే తోలు ముక్కే, పెనం దిగగానే తినాలి. మామూలు ఫొకాచా జున్ను లేకుండా ఆలివ్ నూనె, ఉప్పుతో ఉంటుంది. ఫరినాతా శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు కలిపి రాగి పళ్లెంలో పలచగా కాల్చింది, గుడ్డు ఉండదు. అన్ని వేళల్లో దొరకదు, సాయంత్రం అడగండి. తులసిలాంటి ఆకును నూరి చేసే పచ్చడి పెస్తో. దానితో కలిపే త్రోఫియె పాస్తాలో బంగాళదుంప, బీన్స్ కూడా వేస్తారు. పాన్సోత్తి అంటే అడవి ఆకుకూరలు కూరిన పాస్తా, అక్రోటు చట్నీలాంటి సాస్‌తో ఇస్తారు. అందులో గుడ్డు ఉంటుంది.

ఇక దొంగచాటుగా వచ్చేవి. పెస్తోలో వేసే పర్మిజానో, పెకొరీనో జున్నులను దూడ, గొర్రెపిల్ల కడుపులోని ఎంజైముతో తోడుపెడతారు. గట్టి పట్టింపు ఉన్నవాళ్లు వాటికి దూరం. వెల్లుల్లి తినకపోతే పెస్తో ముందే నూరి ఉంటుంది కాబట్టి తీసివేయించడం కుదరదు. కూరగాయల సూప్‌ను మాంసం మరిగించిన నీళ్లతో చేయొచ్చు: ‘చె బ్రోదో ది కార్నె?’ అని అడగండి. రొట్టెలో పంది కొవ్వు ఉందేమోనని అనుమానమైతే ‘చె స్త్రుత్తో?’. వెల్లుల్లి, టొమాటో సాస్‌లలో సన్నగా కరిగిన చిన్న చేపలుండొచ్చు: ‘సెన్‌జా అచ్చూగె’ అంటే అవి వద్దని. ఆలుగడ్డ వేపుడును చేపలు వేయించిన నూనెలోనే తీస్తారేమో కూడా అడగాలి. ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే మాంసం మానేసి చేప తెచ్చి పెట్టొచ్చు. ‘నియెంతె కార్నె, నియెంతె పెషె’ అని రెండూ చెప్పండి. ఊరి పేరుతో అమ్మే చాక్లెట్ పూత మిఠాయి కమోల్యేజిలో రమ్ము ఉంటుంది, పిల్లలకు కొనేముందు చూసుకోండి.

వంటగదులు మధ్యాహ్నం రెండున్నరకు మూసి రాత్రి ఏడు, ఏడున్నరకు తెరుస్తారు. నాలుగు గంటలకు ఆకలేస్తే ఫొకాచా కొట్లే గతి. బిల్లులో ‘కొపెర్తో’ అని తలకు రెండు మూడు యూరోలు పడితే మోసం కాదు, కూర్చున్నందుకు, రొట్టెకు. అది మెనూలో రాసి ఉండాలి. టిప్పు ఇచ్చి తీరాలన్న రూలు లేదు.

ప్ర: పండుగ రోజుల్లో వెళ్లడం మంచిదా?

జ: మీకు గోల ఇష్టమైతే మంచిదే. మే రెండో ఆదివారం చేపల పండుగ, 1952 నుంచి జరుగుతోంది. సుమారు నాలుగు మీటర్ల అడ్డం ఉన్న పెనంలో రేవు దగ్గర చేపలు వేయించి పంచుతారు. ముందు రాత్రి మత్స్యకారుల పుణ్యపురుషుడు సాన్ ఫొర్తునాతో పేరిట బీచ్‌లో పెద్ద మంటలు వేస్తారు. శాకాహారులకు శనివారం రాత్రే చాలు. ఆగస్టు మొదటి ఆదివారం స్తెల్లా మారిస్: పొద్దున పడవలు వరసగట్టి పుంతా క్యాప్పాకు వెళ్తాయి, చీకటి పడ్డాక వేల దీపాలు నీళ్లలో వదులుతారు. ఆ రాత్రి గది కావాలంటే నెలల ముందే చూసుకోవాలి.

ప్ర: వీసాకు ఎంత ముందు దరఖాస్తు చేయాలి? మధ్యలో పారిస్ కూడా ఉంది.

జ: ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. వేసవికైతే మూడు నెలల ముందే కదలండి. ఇటలీలో ఎక్కువ రాత్రులుంటే ఇటలీకే దరఖాస్తు, పారిస్‌లో ఎక్కువైతే ఫ్రాన్స్‌కు. రెండూ సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ఈ రెండు దేశాలకూ ఒకటే పనిచేసే షెంగెన్ వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు ఉచితం. సేవా కేంద్రం రుసుము వేరు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కావాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై, తిరిగొచ్చాక మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. హోటళ్లను రద్దు చేసుకునే వీలున్నవాటిలోనే బుక్ చేయండి.

ప్ర: రాత్రి పూట ఒంట్లో బాగాలేకపోతే? మన ఛార్జర్లు పనిచేస్తాయా?

జ: అత్యవసరానికి ఎక్కడి నుంచైనా 112. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్‌గార్డు 1530. మందుల షాపును ఆకుపచ్చ శిలువ గుర్తుతో పట్టుకోవచ్చు. మూసి ఉంటే, ఆ రాత్రి తెరిచి ఉండే షాపు పేరు తలుపు మీద ‘ఫర్మచీయా ది తూర్నో’ అన్న కాగితంలో రాసి ఉంటుంది. ప్లగ్గు విషయానికొస్తే, కరెంటు 230 వోల్టులే. సన్నటి రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ చాలావరకు నేరుగా పడుతుంది. లావుపాటి మూడు పిన్నులది పట్టదు. అక్కడి సాకెట్‌లో మూడు రంధ్రాలూ ఒకే వరుసలో ఉంటాయి. ల్యాప్‌టాప్ తీసుకెళ్లేవాళ్లు అడాప్టర్ వెంట పెట్టుకోవాలి.